కంపెనీ పెద్దల సమాజసేవ, కంపెనీ వ్యాపారం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఓ పారిశ్రామికవేత్త పర్యావరణం గురించో, ఆడపిల్లల చదువు గురించో వేదికెక్కి మాట్లాడతాడు. ఆ వీడియో వాట్సాప్‌లో మన దాకా వస్తుంది. "ఇలాంటివాళ్లు పదిమందుంటే దేశం బాగుపడుతుంది" అని కొందరంటారు, "అంతా పన్ను ఎగ్గొట్టే ఎత్తుగడ" అని మిగతావాళ్లంటారు. లిస్టెడ్ కంపెనీల నివేదికల్లో సామాజిక, పర్యావరణ వివరాలు సరిచూడటం నా వృత్తి. ఈ రెండు మాటల్లో ఏదన్నా, అనేముందు ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరిచి చూసినవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సీఎస్ఆర్‌కు కోట్లు ఖర్చుపెట్టే కంపెనీ మంచి కంపెనీ.

సీఎస్ఆర్ అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత, కంపెనీ సమాజం కోసం పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ సంగతి ముందు చూడాలి. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు. అంతకు ముందు ఏడాదిలో వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మిగిలిపోయిన సొమ్మును గడువులోగా ప్రత్యేక ఖాతాలోనో, చట్టం చెప్పిన నిధిలోనో జమచేయకపోతే 2021 నుంచి జరిమానా కూడా పడుతోంది. కాబట్టి "ఇన్ని కోట్ల సేవ" అన్న ఫ్లెక్సీ చూసినప్పుడు ఆ కంపెనీ లాభమెంతో కూడా చూడండి. చట్టం పెట్టించిన ఖర్చెంతో, మనసుతో పెట్టిందెంతో అప్పుడు తేలుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనుల్ని నిబంధనలు సీఎస్ఆర్‌గా ఒప్పుకోవు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేవీ లెక్కలోకి రావు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు రాత్రిపూట ఆపకుండా నడపడం, కాంట్రాక్టు కార్మికుడికి ఓవర్‌టైమ్ సరిగ్గా కట్టివ్వడం, చిన్న సరఫరాదారును తిప్పించుకోకుండా బిల్లు చెల్లించడం, ఇవేవీ సీఎస్ఆర్ పట్టికలో కనబడవు. వ్యాపారానికి వెలుపల ఏం చేశారన్నదే ఆ పట్టిక చెబుతుంది. వ్యాపారం ఎలా చేశారో దాన్ని అడిగి లాభం లేదు.

అపోహ: సీఎస్ఆర్ అంటే పన్ను తగ్గించుకునే దారి.

సీఎస్ఆర్‌ను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే దారిని 2014 ఫైనాన్స్ చట్టంతోనే మూసేశారు. కొన్ని రకాల విరాళాలకు విడిగా మినహాయింపు ఉంది గానీ, మొత్తం వ్యవహారమే పన్ను కోసమనడం తప్పు.

అపోహ: సేవ నిజంగా చేస్తున్నాడంటే, ఆ మనిషి లెక్కలు కూడా నిక్కచ్చిగానే ఉంటాయి.

దీనికి జవాబు కోసం మనం దూరం వెళ్లక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాని వెనక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు నెలకొల్పిన సంస్థ. అంతకు ముందు నుంచే తండ్రి పేరిట బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీళ్ల ప్లాంట్లు, వైద్యం, చదువు పనులు చేస్తూ వచ్చింది. అందులో ఏదీ కాగితం మీద సేవ కాదు. జనం ఆ నీళ్లు తాగారు, ఆ అంబులెన్సుల్లో ప్రాణాలతో ఆస్పత్రి చేరారు.

2008 సెప్టెంబరులో సత్యానికి, కంపెనీని నిజాయితీగా, పారదర్శకంగా నడపడానికి ఇచ్చే, కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. లేని వడ్డీ 376 కోట్లు, పుస్తకాలకెక్కని అప్పు 1,230 కోట్లు, ఎక్కువ చేసి చూపిన, కంపెనీకి రావాల్సిన బాకీలు 490 కోట్లు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. షేరు ఒక్కరోజులో మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకుంది. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మరో తొమ్మిదిమందిని దోషులుగా తేల్చి, ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికి వచ్చారు.

ఆ జనవరిలో చాలామంది తెలుగువాళ్లు "అంత సేవ చేసిన మనిషా?" అని నమ్మలేకపోయారు. ఆ బాధ నిజమైనది. కానీ ఆడిటర్ చూడాల్సింది బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకున్న నిల్వ ధృవీకరణ. పల్లెలోని నీళ్ల ప్లాంటు ఎంత గొప్పదైనా ఆ కాగితానికి బదులు నిలబడదు.

అపోహ: అయితే సేవంతా బూటకమే.

108 సత్యంతో పాటు మునిగిపోలేదు. 2009లో జీవీకే దాన్ని చేపట్టింది. రోడ్డు మీద ప్రమాదం చూస్తే ఇవాళ్టికీ మన చెయ్యి 108కే వెళ్తుంది. లెక్కల్లో మోసం జరిగినంత మాత్రాన ఆ అంబులెన్సు అబద్ధమైపోదు. ఈ రెండింటినీ విడివిడిగా తూచడం నేర్చుకోకపోతే, ఒకసారి భక్తితోనూ ఇంకోసారి కోపంతోనూ తప్పు లెక్కే వేస్తాం.

చిత్తశుద్ధి ఉన్నా పని సాగని సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాన్సులో పాల ఉత్పత్తుల కంపెనీ దనోన్ అధినేత ఇమ్మాన్యుయేల్ ఫాబేర్ 2020 జూన్‌లో సామాజిక లక్ష్యాలను కంపెనీ నియమావళిలోనే రాయించారు. వాటాదారులు దాదాపు అందరూ ఓటేశారు. అదే ఏడాది నవంబరులో 2,000 దాకా ఉద్యోగాల కోత ప్రకటించారు. లాభాల్లో వెనకబడ్డారన్న ఒత్తిడి పెరిగి 2021 మార్చిలో బోర్డు ఆయన్ను పంపేసింది. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు. ఆ మాట నిలబడేంత బలం కంపెనీ లోపల లేదు.

అపోహ: అధినేత సంతకం పెట్టాడంటే కంపెనీ మాట ఇచ్చినట్టే.

2019 ఆగస్టు 19న అమెరికాలో పెద్ద కంపెనీల సీఈఓల సంఘం బిజినెస్ రౌండ్‌టేబుల్ తరఫున 181 మంది సీఈఓలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. కంపెనీ వాటాదారుల కోసమే కాదని, ఉద్యోగులు, సరఫరాదారులు, చుట్టుపక్కల సమాజం కోసం కూడానని అందులో ఉంది. తర్వాత హార్వర్డ్ న్యాయ పరిశోధకులు ఆరా తీస్తే, జవాబిచ్చిన కంపెనీల్లో దాదాపు ఏదీ దానికి బోర్డు ఆమోదం తీసుకోలేదు. ఫ్యాక్టరీ కొనాలన్నా, పెద్ద అప్పు తేవాలన్నా బోర్డు తీర్మానం కావాలి. అలాంటిది కంపెనీ ఎవరి కోసమో మార్చేస్తున్నామన్న మాటకు తీర్మానం లేకపోతే, అది ఆ మనిషి అభిప్రాయంగానే మిగులుతుంది.

అపోహ: ర్యాంకులు, అవార్డులు చూసుకుంటే చాలు.

2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సుస్థిరత సూచీ కార్ల రంగంలో ఫోక్స్‌వ్యాగన్‌ను మొదటి స్థానంలో పెట్టింది. అదే నెల 18న ఉద్గారాల పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్ సంగతి అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి కార్లు దాదాపు కోటీ పది లక్షలు. సూచీ నుంచి కంపెనీని అక్టోబరులో తీసేశారు. ఇలాంటి ర్యాంకుల్లో చాలావరకు కంపెనీ తాను నింపి పంపిన సమాధానాల మీదే ఆధారపడతాయి.

అపోహ: పాత తప్పులు పాతవి, ఇప్పుడు మాట్లాడేదే ముఖ్యం.

కొడైకెనాల్‌లో హిందుస్తాన్ లీవర్ పాదరసపు థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. మాతృసంస్థ యూనిలీవర్ 2010లో పెద్దయెత్తున సుస్థిర జీవన ప్రణాళిక ప్రకటించింది. దాని అప్పటి అధినేత పాల్ పోల్మన్ ఆ రంగంలో ప్రపంచం వినే గొంతు అయ్యారు. పాదరసం వల్ల ఆరోగ్యం దెబ్బతిందన్న ఫ్యాక్టరీ మాజీ కార్మికులు 591 మందితో ఒప్పందం కుదిరింది 2016 మార్చిలో. కార్మికుల ఆరోగ్యానికి తమ వల్ల హాని జరగలేదనే కంపెనీ మొదటినుంచీ చెబుతూ వచ్చింది, ఈ సొమ్మును మానవతా దృష్టితో ఇస్తున్నట్టు చెప్పింది. ఎవరి వాదన ఏదైనా, మూసివేతకూ ఒప్పందానికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. పెద్దమనిషి ఉపన్యాసం విన్నప్పుడు ఆ కంపెనీ మీద ఎక్కడెక్కడ ఏ కేసు ఎంతకాలంగా నడుస్తోందో నేను మొదట వెతుకుతాను.

అపోహ: బయటివాళ్లం, మనకెలా తెలుస్తుంది?

చాలావరకు తెలుస్తుంది, అదీ ఉచితంగా. మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. కంపెనీ వెబ్‌సైట్‌లోనో, స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్‌లోనో వార్షిక నివేదికతో పాటు దొరుకుతుంది. ముందు పేజీల్లోని ఫోటోలు, చైర్మన్ సందేశం దాటేసి పట్టికల దగ్గరికి వెళ్లండి.

కనీస వేతనాల పట్టికలో పర్మనెంట్ వాళ్లకూ, పర్మనెంట్ కానివాళ్లకూ వేర్వేరు వరుసలుంటాయి. సరిగ్గా కనీస వేతనమే అందుకుంటున్నవారు రెండో వరుసలో ఎందరున్నారో చూడండి. ప్రమాదాల పట్టికలో కాంట్రాక్టు వాళ్లను కూడా కలపాలి. పెద్ద ప్లాంటులో ఏళ్లకేళ్లు సున్నాలే ఉంటే నాకు ధైర్యం కలగదు, అనుమానమే వస్తుంది.

మేం ప్లాంటుకు వెళ్లినప్పుడు చేసే పని చెబుతాను. గేటు దగ్గరి హాజరు రిజిస్టరూ, లేబర్ కాంట్రాక్టర్ పీఎఫ్‌కు పంపిన ఈసీఆర్ జాబితా (ఎవరెవరికి పీఎఫ్ కట్టారో చూపేది) పక్కపక్కన పెట్టి పేర్లు టిక్కు పెట్టుకుంటూ వెళ్తాం. మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు సాధారణంగా రెండింట్లోనూ ఉంటారు. టిక్కు పడకుండా మిగిలే పేర్లు ఎక్కువగా లోడింగు హమాలీలవి, క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్లవి, గడ్డి కోసే ఆడవాళ్లవి. అదే ప్లాంటు రిసెప్షన్ గోడ మీద మహిళా సాధికారత పోస్టరు ఉండటం నేను చూశాను. ఆ పేర్ల గురించి అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు "వాళ్లు కాంట్రాక్టరు మనుషులండీ" అంటారు. పోస్టరు మీది మాటకు పరీక్ష ఆ జాబితా దగ్గరే జరుగుతుంది.

ఇక బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో సరఫరాదారులకు కంపెనీ చెల్లించాల్సిన బాకీల పట్టిక చూడండి. 2021 నుంచి దీన్ని వయసులవారీగా ఇవ్వాలి: ఏడాదిలోపు, ఒకటి రెండేళ్లు, రెండు మూడేళ్లు, మూడేళ్లకు పైన. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు విడిగా వరుస ఉంటుంది, వివాదంలో ఉన్నవాటికి మరో వరుస. చిన్న యూనిట్‌కు 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలి, అదీ రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు. చిన్న పారిశ్రామికవేత్తల అభ్యున్నతి గురించి సభల్లో మాట్లాడే అధినేత కంపెనీలో ఆ వరుస ఏడాది దాటిన గడిలో నిండి ఉంటే, ఆ డబ్బు ఏ బాలానగర్ షెడ్డు యజమానో బయట వడ్డీకి తెచ్చి నెట్టుకొస్తున్న డబ్బు. నా దృష్టిలో మొత్తం నివేదికలో ఇంత నిజం చెప్పే పట్టిక ఇంకోటి లేదు.

కొన్ని గడులు మాత్రం ఇప్పటికీ ఐచ్ఛికమే. ప్రభుత్వ విధానాల మీద కంపెనీ ఏ వైఖరి కోసం ప్రయత్నించిందో చెప్పాల్సిన ప్రశ్న బీఆర్‌ఎస్‌ఆర్ ఏడో సూత్రం కింద ఉంది గానీ, జవాబివ్వకపోయినా నడుస్తుంది. వేదిక మీద కాలుష్య నియంత్రణ గట్టిగా ఉండాలని చెప్పే కంపెనీ, తాను సభ్యురాలైన పరిశ్రమల సంఘం ద్వారా అవే నిబంధనలు సడలించమని అడుగుతోందా? దీన్ని తప్పనిసరి చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా వాటాదారులే అడగాలి. మీ డీమ్యాట్‌లో ఒక్క షేరున్నా ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో, మాట్లాడే హక్కుంది. నోటీసులో స్పీకర్‌గా పేరు నమోదు చేసుకునే గడువు తేదీ, ఈమెయిల్ రాసి ఉంటాయి. ప్రశ్నను పేజీ నంబరుతో సహా ముందే రాసి పంపండి.