ట్యాంకు పెంచొచ్చు, కుళాయి పెరగదు

చిన్నా, బుజ్జీ,

ఇద్దరూ ఒకే వారంలో ఒకే సంగతి అడిగారు, కరెంటు లేనప్పుడు వాడుకునే బ్యాటరీ డబ్బా ఎలాంటిది కొనాలి అని, ఒకరు హ్యూస్టన్ నుంచి ఇంకొకరు వైజాగ్ నుంచి, అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం అందుతుంది సగం అందదు. చిన్నాకి తుఫాను వచ్చి కరెంటు పోతే ఇల్లు నడవాలి. బుజ్జికి ఉద్దానంలో మన జీడితోట పాకలో అసలు లైనే లేదు, కాయలు దిగే రోజుల్లో రాత్రి కాపలా ఉండేవాళ్ళకి లైటూ ఫ్యానూ కావాలి. ఇద్దరూ పంపిన ఫొటోలు ఒకే రకం డబ్బాలవి, పోర్టబుల్ పవర్ స్టేషన్, కింద మాత్రం పెద్ద అక్షరాలతో రాసుంది, తర్వాత ఎక్స్‌ట్రా బ్యాటరీ తగిలించుకుని పెంచుకోవచ్చు అని. ఆ పెంచుకోవచ్చు అన్న మాట దగ్గరే జనం మోసపోతారు నాన్నా, కంపెనీవాళ్ళు అబద్ధం చెప్పి కాదు, ఏది పెరుగుతుందో ఏది పెరగదో మనం అడక్కపోవడం వల్ల.

ముందు మేడ మీద నీళ్ళ ట్యాంకుని గుర్తు తెచ్చుకోండి. పక్కన ఇంకో ట్యాంకు కలిపితే నీళ్ళు రెండు రోజులొస్తాయి, అంతే కానీ కుళాయి ధార లావు అవదు, కింద మోటారు నీళ్ళు ఎక్కించే స్పీడూ పెరగదు. ఈ డబ్బాలూ అంతే. ఎక్స్‌ట్రా బ్యాటరీ తగిలిస్తే పెరిగేది గంటలు. ఇన్వర్టర్, అంటే బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే భాగం, ఎన్ని వాట్లు ఇవ్వగలదో అది (ఏవో కొన్ని మోడళ్ళలో తప్ప) కొన్నరోజు ఎంతో పదేళ్ళకీ అంతే, సోలార్ నుంచి ఎంత లోపలికి తీసుకోగలదో అదీ అంతే. అందుకే నా మాట ఏంటంటే తలకాయ, అంటే ఇన్వర్టర్ ఉన్న డబ్బా, మీ అవసరానికి సరిపోయేంత మొదటిరోజే కొనండి, పొట్ట, అంటే బ్యాటరీ, కావాలంటే చిన్నదితో మొదలెట్టండి. చాలామంది తిరగేసి చేస్తారు, చవగ్గా వస్తుంది కదా అని చిన్న ఇన్వర్టర్ కొని దానికి బ్యాటరీల మీద బ్యాటరీలు తగిలిస్తారు, తీరా మిక్సీ వెయ్యగానే ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది.

ఇక లెక్క. డబ్బా మీద 1024 వాట్-అవర్ లాంటి నంబరు ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు, వెయ్యి వాట్-అవర్లంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. అంటే ఆ డబ్బాలో సుమారు ఒక యూనిట్ కరెంటు ఉంది, అంతకన్నా ఏమీ లేదు. దాంట్లోంచి బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు పది పదిహేను శాతం వేడి కింద పోతుంది, కాబట్టి చేతికొచ్చేది ముప్పావు యూనిట్ పైచిలుకు.

చిన్నా, నీ ఇంటికి లెక్కేద్దాం. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు నేనూ అమ్మమ్మా అక్కడే ఉన్నాం కదా, మీ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. ఆ ఉక్కలో నువ్వు మాటిమాటికీ ఫ్రిజ్ తలుపు తీసి అమ్మమ్మ ఇన్సులిన్ చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడడం, తీసినప్పుడల్లా ఉన్న చల్లదనం కాస్తా బయటికి పోవడం, నేను వద్దురా అంటే నీ మొహం చిన్నబోవడం, అదంతా నాకు బాగా గుర్తుంది. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, అప్పుడు కొత్త కుండలో నీళ్ళు పోసి, సీసాల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ నీళ్ళలో దించి, కుండ చుట్టూ తడిగుడ్డ కట్టి కాపాడుకున్నాం, గుడ్డ ఆరిపోకుండా రాత్రి రెండుసార్లు లేచి నీళ్ళు చల్లేవాణ్ణి. కాబట్టి మన ఇంట్లో ఫ్రిజ్ అంటే పాలూ కూరగాయలే కాదు.

మీ అమెరికా ఫ్రిజ్ పెద్దది, రోజుకి యూనిట్ నుంచి యూనిట్‌న్నర తింటుంది, 1400 వాట్-అవర్లు అనుకో. వైఫై రౌటర్ చిన్నదే కానీ 24 గంటలూ ఉంటుంది కాబట్టి 300. లైట్లు 200, ఒక ఫ్యాను 500, ఫోన్లూ లాప్‌టాపూ 300. మొత్తం 2700, నష్టం కలుపుకుంటే 3200 దగ్గర. అంటే రోజుకి మూడు యూనిట్ల పైమాట. ఒక యూనిట్ డబ్బా కొని ఇల్లు నడిచిపోతుంది అనుకుంటే ఎనిమిది గంటల్లో చీకటి. రెండు యూనిట్ల తలకాయ, దానికి రెండు యూనిట్ల ఎక్స్‌ట్రా బ్యాటరీ ఒకటి, అప్పుడు ఒక రోజు మీద ఇంకో పూట వస్తుంది. ఉదాహరణకి జాకరీ ఎక్స్‌ప్లోరర్ 2000 ప్లస్ 2042 వాట్-అవర్లు, 3000 వాట్ల ఇన్వర్టర్, ఐదు బ్యాటరీల దాకా తగిలించొచ్చు. బ్లూటీ ఏసీ300లో తలకాయలో అసలు బ్యాటరీయే ఉండదు, 3072 వాట్-అవర్ల బ్యాటరీలు విడిగా నాలుగు దాకా పెట్టుకోవాలి. ఎకోఫ్లో డెల్టా 2 ఒక యూనిట్‌ది, 1800 వాట్లు, మూడు యూనిట్ల దాకా పెరుగుతుంది, మోయడానికి తేలిక, 12 కిలోలు. అదే కంపెనీ డెల్టా ప్రో 45 కిలోలు, నీ అపార్ట్‌మెంట్ రెండో అంతస్తుకి మెట్ల మీద ఎవరు మోస్తారు చెప్పు. విడి బ్యాటరీలున్నది కొంటే ఒక్కొక్కటీ మోసుకోవచ్చు, నా లెక్కలో పెంచుకునే డబ్బాల్లో అసలైన సుఖం ఇదే.

ఫ్రిజ్ గురించి ఇంకో మాట. నడిచేటప్పుడు 150 వాట్లే లాగినా కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో దానికి మూడునాలుగు రెట్లు లాగుతుంది, పైగా మంచు కరిగించే హీటర్ ఉంటుంది, అది ఆన్ అయినప్పుడు ఒకేసారి నాలుగైదు వందల వాట్లు. అందుకే కాగితం మీద రాసింది నమ్మకుండా ప్లగ్ మీటర్ ఒకటి కొని ఫ్రిజ్‌కి తగిలించి రెండు రోజులు వదిలెయ్, నీ ఫ్రిజ్ సంగతి అదే చెప్తుంది. ఇల్లంతటి ఏసీ మాత్రం ఈ డబ్బా మీద ఆశ పెట్టుకోకు, అది 240 వోల్టులది, మూడు నాలుగు వేల వాట్లు లాగుతుంది. ఒక గదికి చిన్న కిటికీ ఏసీ అయితే 500 వాట్లు, దాన్ని రాత్రి కొన్ని గంటలు నడపొచ్చు.

బుజ్జీ, నీది వేరే కథ. నీకు రెండు ఎల్‌ఈడీ బల్బులు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే రకం) ఎనిమిది గంటలు, ఫోన్లు, మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ చార్జింగు, మొత్తం 450 వాట్-అవర్లు దాటవు. మామూలు ఫ్యాను 75 వాట్లు, అది పెట్టావంటే ఫ్యాను ఒక్కటే 600 తినేస్తుంది, కాబట్టి ముందు ఫ్యాను మార్చు, తర్వాత డబ్బా కొను. ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, డబ్బా మీద ఏసీ బటన్ (చల్లటి ఏసీ కాదు, ఇంటి కరెంటు ఇచ్చే బటన్) నొక్కి ఉంచితే ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ తన కోసం తాను పది పదిహేను వాట్లు తాగుతూనే ఉంటుంది, 24 గంటలకి 360 వాట్-అవర్లు అయింది, నీ వాడకం ఎంతో దాని దండగా దాదాపు అంత. అందుకని పాకలో 12 వోల్టుల బల్బులూ 12 వోల్టుల ఫ్యానూ పెట్టి డీసీ సాకెట్ నుంచి, అంటే నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చేదాన్నుంచి, నడుపు, ఏసీ బటన్ అవసరమైనప్పుడే నొక్కు. అలా అయితే ఒక యూనిట్ డబ్బా నీకు రెండు రాత్రులు వస్తుంది. తోటలో మోటారు దీని మీద నడుపుతానన్నావు చూడు, అది మర్చిపో తల్లీ. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే కదా అంటావు, స్టార్ట్ అయ్యేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. దానికి వేరే సోలార్ పంపు ఉండాల్సిందే.

సోలార్ ప్యానెల్ దగ్గర వాట్లు మాత్రమే చూసి కొనేస్తారు, నువ్వు వోల్టులు చూడు. డెల్టా 2 లాంటిది 60 వోల్టుల దాకానే తీసుకుంటుంది. 100 వాట్ల ప్యానెల్ ఏమీ తగిలించనప్పుడు సుమారు 22 వోల్టులు చూపిస్తుంది, మూడింటిని వరసగా కలిపితే 66. అది హద్దు దాటేసింది, చలికాలం పొద్దున్నే అయితే ఇంకా పెరుగుతుంది. రెండు వరసలో పెట్టుకుంటే 44, హాయిగా ఉంటుంది. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 700, 800 వాట్-అవర్లు ఇస్తుంది, ముసురు పట్టినరోజు అందులో నాలుగోవంతు వచ్చినా గొప్పే. ఇంకోటి, డబ్బాని మధ్యాహ్నం రేకుల కింద పెట్టకు, 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ తీసుకోదు. చిన్నా, నీకు దానికి ఉల్టా, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్ళకి కరెంటు పోయిన చలి లాంటిది మళ్ళీ వస్తే డబ్బాని గరాజ్‌లో వదలకు, సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చెయ్యకూడదు. ఆ చలిలోనే కొందరు జనరేటర్లు ఇంట్లోనూ గరాజ్‌లోనూ పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నారు, డబ్బాకి పొగ లేదు, నువ్వు దీన్ని కొనడం నాకు ఇష్టమైంది అందుకే.

బ్యాటరీ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని ఉంటేనే కొనండి, మూడువేల సార్లు చార్జ్ చేసినా ఎనభై శాతం పట్టు ఉంటుంది, వేడికీ ఓర్చుకుంటుంది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ డబ్బాకి ఎక్కదు, ఒక్కోసారి అదే కంపెనీ కొత్త మోడల్‌కీ ఎక్కదు, కాబట్టి ఎక్స్‌ట్రా బ్యాటరీ ఎప్పుడో చూద్దాంలే అనుకోకుండా ఏడాది లోపు కొనెయ్యండి, మోడల్ ఆగిపోతే మీ దగ్గర ఖాళీ ప్లగ్గు మిగులుతుంది.

ఇప్పుడు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటుంది. రెండు వైపులా పిన్నులున్న వైరు చేసి డబ్బాని గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగిద్దాం అని ఎప్పుడూ అనుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డాక మా లైన్‌మెన్ గ్యాంగుని అక్కడికి పంపారు, లైను చచ్చిపోయి ఉంది, పైన ఫ్యూజులు తీసేశాం. పోల్ ఎక్కబోయే ముందు అలవాటు ప్రకారం లైనుని భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించాను, చిటపటమని నీలం నిప్పురవ్వ లేచింది. ఏ ఇంట్లోనో జనరేటర్‌ని అలాగే సాకెట్‌లో గుచ్చారు. ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కెళ్తే 230 వోల్టులు కాస్తా 11 వేల వోల్టులయి పైకొస్తుంది. నా వెనకాల నిచ్చెన మీద కాలు పెట్టినవాడికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి నాలుగు నెలలు. ఆ రాడ్ తగిలించకపోతే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. ఫ్రిజ్‌నీ ఫ్యానునీ నేరుగా డబ్బాకే ఎక్స్‌టెన్షన్ వైరుతో తగిలించండి. ఇంటి వైరింగ్‌కే కలపాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, వీధి లైనూ డబ్బా కరెంటూ ఎప్పుడూ కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి, అక్కడ దాన్ని ట్రాన్స్‌ఫర్ స్విచ్ అంటారు.

చిన్నా, సంక్రాంతికి వచ్చేటప్పుడు బుజ్జికి అక్కడిది ఒకటి తెస్తానన్నావట, తేవద్దు. విమానంలో 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీ ఎక్కనివ్వరు, ఒకవేళ ఓడలో వచ్చినా అది 120 వోల్టులు ఇచ్చేది, మనవి 230. బుజ్జి ఇక్కడే కొనుక్కుంటుంది. బుజ్జీ, ఆదివారం వస్తూ వైరులో కరెంటు కొలిచే నా పాత క్లాంప్ మీటర్‌కి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి పట్టుకురా, ఇక్కడి షాపులో అయిపోయాయి. నువ్వు కొన్న ఆ కొత్త ఫ్యాను నిజంగా 30 వాట్లే లాగుతుందో లేదో పాకకి వెళ్ళే ముందు ఇంట్లోనే చూద్దాం.

మీ తాతయ్య