ఎడ్వర్డ్ గులాబీ: ఏ రాజుగారి పేరూ కాదు (అపోహలు - వాస్తవాలు)

కడియం వైపు గులాబీ నర్సరీ నడిపే మాలాంటివాళ్లకు ఎడ్వర్డ్ అంటే బడ్డింగ్ కట్టుకునే వేరు మొక్క: కింద వేళ్లు దీనివి, పైన కావాల్సిన రకం కన్ను తెచ్చి అతికిస్తాం (అదే బడ్డింగ్). కొనడానికొచ్చేవాళ్లు పైనున్న పువ్వు రంగు చూస్తారు గానీ కింద ఏముందో అడగరు. అడిగే ఆ కొద్దిమందీ ఎక్కడో విన్న మాట ఒకటి పట్టుకునే వస్తారు.

అపోహ: ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ పేరు మీద దొరలు తెచ్చిన మొక్క.

వాస్తవం: ఏడో ఎడ్వర్డ్ గద్దెనెక్కింది 1901లో. ఈ గులాబీ అంతకు ఎనభై ఏళ్ల పైనే పాతది. మడగాస్కర్‌కు తూర్పున ఫ్రెంచివాళ్ల రీయూనియన్ దీవి ఉంది. అప్పట్లో దాన్ని బోర్బన్ దీవి అనేవారు. అక్కడ పొలాలకు గులాబీలతోనే కంచె వేసేవారు: ఒక వరస చైనా గులాబీ, పక్క వరస దమాస్క్ గులాబీ. ఎదువార్ పెరిషోన్ అనే ఆసామి కంచె నాటిస్తుంటే, ఆ రెండు రకాలూ కలిసి పుట్టిన మొక్క ఒకటి మిగతావాటికి తేడాగా కనిపించింది. దాన్ని పీకి పారేయకుండా తోటలో విడిగా పెట్టించాడు. పేరు ఆయనదే. 1817లో దీవికొచ్చిన వృక్షశాస్త్రవేత్త బ్రెయోన్ కంట అది పడింది. 1819లో దాని విత్తనాలు ఫ్రాన్సులో ఓర్లియాన్ డ్యూక్ దగ్గర పనిచేసే తోటమాలి జాక్‌కు చేరాయి. ఆ డ్యూకే 1830లో ఫ్రాన్సుకు రాజయ్యాడు. రాజుల ఊసు కావాలంటే ఇంతవరకే.

(1828లో మన యానాం నుంచి తెలుగు కూలీలను ఓడెక్కించింది కూడా ఈ దీవికే. ఆ కంచెలు వాళ్లూ చూసే ఉంటారని నాకనిపిస్తుంది.)

అపోహ: అది ఉత్త అడవి గులాబీ.

వాస్తవం: అడవి గులాబీలకు సాధారణంగా ఐదే రేకులు. ఎడ్వర్డ్ పువ్వు విప్పి చూడండి, పొర మీద పొర, ఘాటైన దమాస్క్ వాసన. మళ్లీ మళ్లీ పూసే గుణం చైనా వైపు నుంచి వచ్చింది. దీని సంతతే బోర్బన్ గులాబీలు. వాటి రక్తంతో హైబ్రిడ్ పర్పెచువల్స్ అనే రకాలు, వాటిని టీ గులాబీలనే ఇంకో రకంతో కలిపితే పెద్ద పూల హైబ్రిడ్ టీలు వచ్చాయి. 1867 నాటి లా ఫ్రాన్స్ అనే రకాన్ని హైబ్రిడ్ టీలలో మొదటిదిగా లెక్కేస్తారు. అంటే ఎడ్వర్డ్ మీద హైబ్రిడ్ టీ కట్టామంటే, నాయనమ్మ భుజాన మనవరాలిని ఎక్కించినట్టే.

అపోహ: ఎర్ర గులాబీ కొన్నాం, రెండేళ్లకు నాటు గులాబీగా మారిపోయింది. మట్టి తేడా, లేదా నర్సరీవాడి మోసం.

వాస్తవం: మట్టి రకాన్ని మార్చదు. మొక్క మొదట్లో మట్టి తీసి చూడండి, బడ్డింగ్ కట్టిన చోట బుడిపె కనిపిస్తుంది. దాని కింద నుంచి లేచిన కొమ్మ వేరు మొక్కది. బలమంతా అదే లాగేసి, పైరకాన్ని ఎండగడుతుంది. గులాబీ రంగులో ముద్దగా, వాసనతో పూస్తే ఎడ్వర్డ్. చిన్న తెల్ల పూలు గుత్తులుగా వస్తే మల్టిఫ్లోరా, దాని మీదా బడ్డింగ్ కడతారు. కొమ్మను నేల మట్టానికి కత్తిరిస్తే పక్క నుంచి ఇంకో నాలుగు లేస్తాయి. పుట్టిన చోటిదాకా మట్టి తవ్వి, కిందికి లాగి చీల్చేయాలి.

అపోహ: ఏడు రెబ్బల ఆకు కనిపిస్తే అది వేరు మొక్క కొమ్మే, కొట్టేయాలి.

వాస్తవం: ఈ మాట నమ్మి బంగారంలాంటి కొమ్మల్ని నరికేసుకుంటున్నారు. మంచి హైబ్రిడ్‌లకూ ఏడు రెబ్బలు వస్తాయి. ఆకులు లెక్కపెట్టకండి, కొమ్మ ఎక్కణ్ణుంచి లేచిందో చూడండి.

అపోహ: గులాబీ అత్తరంతా ఎడ్వర్డ్‌దే.

వాస్తవం: అత్తరుకు పేరుపడ్డది దమాస్క్. ఎడ్వర్డ్ పూలు పన్నీరుకు, గుల్కంద్‌కు, దండలకు పోతాయి.

చీల్చిన ఎడ్వర్డ్ కొమ్మను పారేయక్కర్లేదు. పెన్సిల్ మందం ముక్క కోసి తడి ఇసుకలో గుచ్చితే సులువుగా వేరు పడుతుంది. దీన్ని వేరు మొక్కగా ఎంచుకున్నదీ అందుకే.