విశాఖ బీచ్‌కి వచ్చే పిల్లలకు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

సెలవులకు విశాఖ వస్తున్నారు కదా, ఆర్కే బీచ్ దగ్గర ఏమేం చూడాలో రాయమన్నారు. టికెట్ ధరలు, వేళలు మారుతుంటాయి. అవి పర్యాటక శాఖ సమాచార కౌంటర్‌లో అడిగితే చెప్తారు. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. చూసేటప్పుడు మీరు గమనించాల్సినవి మాత్రం నేను రాస్తాను.

ముందు కుర్సురా. ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైర్ అయింది, 2002లో మ్యూజియం అయింది. లోపల దాదాపు 75 మంది ఉండేవాళ్లు. ఆ ఇరుకు దారుల్లో వంగి నడుస్తుంటే వాళ్లు రోజుల తరబడి ఎలా ఉన్నారా అనిపిస్తుంది. డీజిల్ ఇంజన్ నడవాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకే కింద ఉన్నంతసేపూ బ్యాటరీల మీద నడిచేది. ఛార్జింగ్ తగ్గితే నీటి పైభాగానికి దగ్గరగా వచ్చి, గాలి పీల్చుకుని, ఇంజన్లు వేసి బ్యాటరీలు నింపుకోవాలి. శత్రువుకి దొరికిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. లోపల చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు. మొహమాటపడకుండా ప్రశ్నలు అడగండి.

రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం పని సరిగ్గా దీనికి ఎదురు. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాములను వెతికేది. ఒకటి దాక్కునేది, ఇంకొకటి పట్టుకునేది, మీ దాగుడుమూతల్లాగే. 29 ఏళ్లు పనిచేసి 2017లో సెలవు తీసుకుంది. రెండూ ఒకే రోజు చూడండి, అప్పుడే బాగా అర్థమవుతుంది.

అక్కడికి దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం ఉంది. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని ముంచాలని పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ ఇక్కడే మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక దాడి వల్లేనని మనవాళ్లు, లోపలి పేలుడు వల్లని పాకిస్తాన్ వాళ్లు చెప్తారు. అందులో ఉన్నవాళ్లంతా చనిపోయారు. ఆ శిథిలాలు ఇప్పటికీ ఈ సముద్రం అడుగునే ఉన్నాయి. స్మారకం ముందు ఫొటో దిగేటప్పుడు రెండు వైపులవాళ్లనూ తలుచుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మీ కాళ్ల కింది ఇసుక. ఒడ్డు వెంబడి నల్లరాళ్లు పోసిన చోట కాసేపు ఆగి చూడండి. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. దక్షిణాన పోర్టు కోసం కట్టిన అడ్డుగోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది. ఇటు పాత ఇసుక వెళ్లిపోతుంటుంది, కొత్తది తగినంత రాదు. అలా ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే అక్కడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, నీళ్లతో కలిపి పైపుల ద్వారా ఇటు ఒడ్డున పోస్తుంటారు. మీరు గూళ్లు కట్టే ఇసుకలో కొంత అలా వచ్చిందే! పోర్టూ కావాలి, బీచూ కావాలి. ఈ పని ఆపితే బీచ్ మిగలదు.

అదే సముద్రం మనుషుల్నీ లాగేస్తుంది. ఒడ్డుకి వచ్చిన నీరు ఒక్కోచోట సన్నటి పాయగా జోరుగా వెనక్కి వెళ్తుంది. అక్కడ అలలు తక్కువగా, నీరు నెమ్మదిగా కనిపించి మోసం చేస్తుంది. ఈత వచ్చినా సరే, ఆర్కే బీచ్‌లో పాదాలు తడిపితే చాలు. లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తే వెంటనే వెనక్కి రండి.

సాయంత్రం మురీ మిక్స్చర్ తినండి, కాగితం మాత్రం చెత్తబుట్టలోనే వెయ్యాలి. మర్నాడు కైలాసగిరి ఎక్కితే ఒడ్డు వంపు మొత్తం కనిపిస్తుంది. తర్వాత బీచ్ రోడ్డు మీదుగా భీమిలి బస్సెక్కి, దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. వేల ఏళ్ల పాటు గాలి పోగేసిన ఇసుక అది, ఇనుము వల్ల ఎర్రబడింది. వానపాయలు చెక్కిన ఆ గోడల్ని గీకొద్దు, ఎక్కొద్దు. టోపీలు, నీళ్ల సీసాలు మర్చిపోకండి, అక్కడ నీడ తక్కువ.

మీ అమ్మమ్మ