రాకీ ముక్కులోంచి రక్తం: పిల్లలకు తాతయ్య ఉత్తరం

ఏలూరు

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పంపిన ఫొటోలు చూశాను. తెల్లవారుజామున మన కుక్క రాకీ ముక్కులోంచి రక్తం కారి, గోడ మీద, సోఫా కవరు మీద, టీవీ స్టాండు మీద అన్ని రక్తపు చుక్కలు చూసి మీరిద్దరూ హడలిపోయారని చెప్పింది. చిన్నూ, ముందు నీ సంగతి. నువ్వు విసిరిన బంతి వల్ల రాకీకి రక్తం రాలేదు. సాయంత్రం రబ్బరు బంతి తగిలితే తెల్లవారుజామున రెండు ముక్కు రంధ్రాల్లోంచీ రక్తం కారదు. ఆ దిగులు వదిలెయ్.

గోడంతా అలా అవ్వడానికి కారణం తుమ్ము. కుక్క ముక్కు లోపల పలచటి ఎముకలు మడతలు మడతలుగా ఉంటాయి. వాటిని కప్పిన పొర నిండా సన్నటి రక్తనాళాలే. ఒకటి చిట్లితే చాలు, రక్తం కారుతుంది, కుక్కకి చిరాకేసి తుమ్ముతుంది. చూసేవాళ్లకి లీటర్లు పోయినట్టుంటుంది గాని తుడిచాక చూస్తే చాలాసార్లు కొద్దిగానే ఉంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. గొంతులోకి దిగి వాడు మింగేసిన రక్తం మనకి కనబడదు. మర్నాడు విరేచనం నల్లగా, జిగటగా వచ్చిందంటే అది ఆ రక్తమే.

మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో "వేడి చేసింది, మజ్జిగ పట్టండి" అన్నారట. ఎండాకాలంలో పిల్లలకి ముక్కు లోపల ఎండిపోయి, వేలు పెట్టి గోకితే రక్తం వస్తుంది (ఎవరి సంగతో చెప్పక్కర్లేదు). కుక్కలు ముక్కులో వేలు పెట్టుకోవు. వాటికి ఊరికే రక్తం రావడం అరుదు, కాబట్టి వచ్చిందంటే వెనక ఏదో ఉందనే అనుకోవాలి. మజ్జిగతో నష్టమేమీ లేదు. ఉల్లిపాయతోనే నా భయం. మన ఇళ్లలో ముక్కులోంచి రక్తం వస్తే ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపిస్తారు, కొందరు రసం చుక్కలు కూడా వేస్తారు. కుక్కకి ఉల్లిపాయ పడదు, ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. రక్తం పోతున్న కుక్కకి అది పెట్టడం మరీ ప్రమాదం. వెల్లుల్లి కూడా అంతే.

మళ్లీ వస్తే ముందు ఇంట్లో అరుపులు ఆపండి. మీరు కంగారు పడితే వాడూ కంగారు పడతాడు, బీపీ పెరుగుతుంది, రక్తం ఇంకా కారుతుంది. ఫ్యాను కింద పడుకోబెట్టి, ఐసు ముక్కల్ని పలచటి గుడ్డలో చుట్టి కళ్లకీ ముక్కు కొనకీ మధ్య పైభాగంలో ఆనించండి. ఊపిరికి అడ్డం రాకూడదు. తల వెనక్కి వంచకండి, దూది కుక్కకండి, పసుపూ కాఫీపొడీ అద్దకండి. మీ ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలు, ఒళ్లునొప్పుల మాత్రలు అసలే వద్దు. కొన్ని రక్తాన్ని గడ్డకట్టనివ్వవు, కొన్ని కాలేయాన్ని పాడు చేస్తాయి. ఇక అమ్ములూ, నువ్వు పై పెదవి ఎత్తి చిగురు చూడు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీరంగు రావాలి. చిగురు ముందే పాలిపోయి ఉన్నా, రంగు తిరిగి రావడం ఆలస్యమైనా, వాడు లేచి నిలబడలేకపోయినా, కాసేపు చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ నాన్న రక్తపరీక్ష రిపోర్టు కూడా పంపాడు. ప్లేట్‌లెట్లు నలభై వేలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. డెంగీ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఈ లెక్కే అడుగుతూ ఉంటారు కదా, అవే ప్లేట్‌లెట్లు. ఒంట్లో రక్తనాళాలకి రోజూ ఎక్కడో చోట చిన్న చిన్న చిల్లులు పడుతూనే ఉంటాయి. సైకిల్ ట్యూబుకి పంక్చర్ అతికినట్టు ప్లేట్‌లెట్లు వెళ్లి అతుక్కుంటాయి. అవి తగ్గిపోతే ఎక్కడ నాళాలు మరీ పలచగా ఉంటాయో అక్కడ ముందు కారుతుంది. రాకీకి జబ్బు ముక్కులో లేదు, రక్తంలో ఉంది. వాడి పొట్ట మీద వెంట్రుకలు తక్కువగా ఉన్న చోట చూడండి, ఎర్రగా సన్నటి చుక్కలు కనిపిస్తే అవీ దీనివల్లే.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గాయి? మన ప్రాంతంలో కుక్క ముక్కులోంచి రక్తం వచ్చిందనగానే పశువైద్యుడి బుర్రలోకి ముందొచ్చేది పిడుదు. గోధుమరంగు కుక్క పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి ఎక్కి తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది. "వాడికి ఇప్పుడు ఒక్క పిడుదూ లేదు మావయ్యగారూ" అని మీ అమ్మ గట్టిగా వాదించింది. నిజమే కావచ్చు. కానీ ఈ జబ్బు మొదట కొన్నాళ్లు జ్వరంలా వచ్చిపోయి, ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఒంట్లో గుట్టుగా ఉంటుంది. కుట్టిన పిడుదు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది, రక్తం ఇవాళ కారుతుంది. పోయిన ఎండాకాలం రాకీ ఓ వారం తిండి మానేసి మూల పడుకున్నాడని అమ్ములు ఫోన్లో చెప్పింది, గుర్తుందా? నాకు దానిమీదే అనుమానం.

స్లైడులో ఏమీ కనబడలేదని డాక్టరుగారు అన్నారని మీకు టెన్షన్. నేను పశువైద్య సర్వీసులో ఉండగా మైక్రోస్కోపు ముందు కూర్చుని వెతికిన వాణ్నే కాబట్టి చెబుతున్నాను. రక్తపు చుక్కని గాజుపలక మీద పలచగా లాగి, రంగు వేసి, కణం కణం జరుపుకుంటూ చూడాలి. ఎక్కడో ఒక తెల్లకణం లోపల ఊదారంగు గింజలు గుత్తిగా కనిపిస్తే అదే ఎర్లీషియా. జబ్బు పాతబడిన కుక్కలో అది కంటపడటం చాలా కష్టం. కనబడలేదంటే లేదని కాదు. అందుకే కిట్ పరీక్ష, మనకి కరోనా రోజుల్లో చేసిన పీసీఆర్ లాంటి పరీక్ష చేస్తారు. కొన్నిసార్లు ఫలితం వచ్చేలోపే లక్షణాలు చూసి మందు మొదలుపెడతారు. మీ డాక్టరుగారు చేసిందదే, నాకు నచ్చింది.

ఎందుకో తెలియకుండా రక్తం రావడం మీకే కొత్త అనుకోకండి. 1935లో అల్జీరియాలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పిడుదులు పట్టిన కుక్కల్లో ఈ సూక్ష్మజీవిని గుర్తించారు. తర్వాత దాని గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960ల్లో సింగపూరులో బ్రిటిష్ సైన్యం కుక్కలకీ, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలకీ ఉన్నట్టుండి ముక్కులోంచి రక్తం రావడం మొదలైంది. బలమైన, బాగా శిక్షణ పొందిన జర్మన్ షెపర్డ్‌లు. నిన్నటిదాకా అడవిలో కాపలా తిరిగినవి ఇవాళ పాలిపోయి కూలిపోయేవి. అమెరికా కుక్కలే వందకు పైగా చనిపోయాయి. అంత పెద్ద సైన్యం డాక్టర్లు కూడా మొదట్లో దానికి "కారణం తెలియని రక్తస్రావం" అనే పేరు పెట్టారు. తర్వాతే ఎర్లీషియా అని తేలింది, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందులు పనిచేస్తాయని తెలిసింది. ఇప్పుడు రాకీకి ఇస్తున్న డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. జర్మన్ షెపర్డ్‌లకి ఈ జబ్బు మిగతా జాతులకన్నా గట్టిగా తగులుతుంది. మన రాకీ సగం ఆ జాతే కాబట్టి ఇంకాస్త జాగ్రత్త కావాలి.

ఇది కాకపోతే ఇంకేం కావచ్చో కూడా చెప్పాలి. రక్తాన్ని గడ్డకట్టనివ్వని రకం ఎలుకల మందు తిన్న కుక్కకి వెంటనే ఏమీ కాదు, మూడు నాలుగు రోజులయ్యాక రక్తం కారడం మొదలవుతుంది. దానికి కె1 విటమిన్ విరుగుడు ఉంది గాని, ఆ మందు తిందని ఎవరో ఒకరు చెప్పాలి కదా. వాచ్‌మన్ తాతని మెల్లగా అడగండి, సెల్లార్‌లో ఎక్కడైనా బిళ్లలు పెట్టాడేమో. తిట్టినట్టు అడిగితే చెప్పడు. ఒకే రంధ్రంలోంచి రక్తం వచ్చి అదేపనిగా తుమ్ముతుంటే ముక్కులో గడ్డిగింజో ముల్లో ఇరుక్కుని ఉండొచ్చు. చెరువు నీళ్లు తాగే పల్లెటూరి కుక్కల్లో ఒక్కోసారి జలగ దూరి ఉంటుంది. ముసలి కుక్కల్లో గడ్డ లేస్తుంది. రాకీకి రెండువైపులా వచ్చింది, ప్లేట్‌లెట్లు తగ్గాయి, వయసు నాలుగేళ్లు. అందుకే నేను పిడుదు దగ్గరే ఆగాను.

ఇప్పుడు మందు సంగతి. సాధారణంగా నాలుగు వారాలు వేయాలి. రెండు మూడు రోజులకే వాడు లేచి బిస్కెట్ల డబ్బా దగ్గర తోకూపుతూ నిలబడతాడు చూడండి, చాలామంది అక్కడే మాత్రలు ఆపేస్తారు. మీ నాన్న మతిమరుపు నాకు తెలుసు, క్యాలెండరు మీద టిక్కులు పెట్టే పని అమ్ములుది. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటాడు, తిండి పెట్టాకే వేయాలి. పాలల్లో, పెరుగన్నంలో దాచకండి, మందు సరిగా ఒంటికి పట్టదు. ఉడికించిన గుడ్డు ముక్కలో పెట్టి, వెనకే నీళ్లు తాగించండి, లేకపోతే మాత్ర గొంతు కింద ఇరుక్కుని పుండు చేస్తుంది. బొప్పాయి ఆకు రసం పట్టమని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి ఊరుకోండి. అది ఎర్లీషియాని చంపదు. ప్లేట్‌లెట్లు పెరిగేదాకా బంతాట లేదు, వీధికుక్కలతో కుస్తీ లేదు, మెడపట్టీ లాగడం లేదు. నమలడానికి ఎముకలు కూడా వద్దు, చిగుళ్లు గీసుకుపోతాయి.

రక్తం మరీ తగ్గితే ఎక్కిస్తారు. కుక్కలకీ బ్లడ్ గ్రూపులున్నాయి, రక్తదానం చేసే కుక్కలున్నాయి. చెన్నైలో మద్రాసు వెటర్నరీ కాలేజీలో జంతువుల బ్లడ్ బ్యాంకే ఉంది. రాకీకి ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను.

చిన్నూకి ఇంకో పని. పిడుదులు కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి. పిల్ల పిడుదు రక్తం తాగి రాలిపోతుంది, గోడ పగుల్లో పెరిగి మళ్లీ ఎక్కుతుంది. నిండా తాగిన ఆడది ఆముదపు గింజంత ఉబ్బి, బూడిదరంగులోకి మారి, దిగిపోయి వేల గుడ్లు పెడుతుంది. గోడలు ఎక్కడం వాటికి అలవాటు, కాబట్టి బాల్కనీలో రాకీ పడుకునే చోట నేలతో పాటు తలుపు చట్రం సందులు, గోడ మూలలు టార్చి వేసి చూడు. కనిపిస్తే నాన్నకి చెప్పు, మందు కొట్టించే పని ఆయనది. వాడి చెవి లోపలి మడత, వేళ్ల సందులు, మెడపట్టీ కింద, తోక మొదలు రోజూ చేత్తో తడిమి చూడాలి. దొరికితే గోళ్లతో నలపకు, కిరసనాయిలు పోయకు. అమ్మ ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, నిటారుగా లాగి స్పిరిట్ సీసాలో వేస్తుంది. తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

అమ్ములు మెసేజ్‌లో ఒకటి అడిగింది, "తాతయ్యా, రాకీ చచ్చిపోతాడా?" అని. అబద్ధం చెప్పను. ఈ జబ్బు ముదిరి ఎముకల్లో మూలుగ దెబ్బతిన్న కుక్కలు బతకడం కష్టం. రాకీ రిపోర్టులో తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి, ఎర్రకణాలు కొద్దిగానే తగ్గాయి. ఇలాంటి కుక్కలు చాలావరకు కోలుకుంటాయి. వచ్చే రెండు మూడు రోజుల్లో మళ్లీ కాస్త రక్తం వచ్చినా మందు పనిచేయట్లేదని అనుకోకండి, ప్లేట్‌లెట్లు పెరగడానికి కొంచెం టైం పడుతుంది. భయమేస్తే ఎప్పుడైనా ఫోన్ చేయండి. నానమ్మ తిట్టినా నేనెత్తుతాను.

వచ్చే వారం రెండో పరీక్ష ఉందన్నారు కదా. ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు, తెల్లకణాలు మూడూ కాగితం మీద రాసుకుని నాకు చదివి వినిపించండి. ఫొటో పెడితే నా ఫోన్లో అక్షరాలు కనపడి చావవు.

మీ తాతయ్య