చిక్కుడు పందిరికి వచ్చిన అల్లుడు

పిల్లలూ,

నిన్న విజయవాడ నుంచి మా మనవరాలు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. బాల్కనీ కుండీలో చిక్కుడు తీగ. లేత కొసల నిండా నల్లగా పేనుబంక, అంటే రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు. దాని మధ్యలో బియ్యపు గింజంత నల్లటి పురుగు, వీపు మీద నారింజ రంగు మచ్చలు. "తాతయ్యా, బుల్లి మొసలిలా ఉంది, భయమేస్తోంది. అమ్మ స్ప్రే కొట్టమంటోంది, కొట్టనా?" అని అడిగింది. వెంటనే ఫోన్ చేసి, "ఆగమ్మా, అది అల్లుడు!" అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. తాతయ్యకు మతి పోయిందనుకుని ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

అక్షింతల పురుగును మీరు చూసే ఉంటారు. సగానికి బద్దలైన శనగగింజలా ఉంటుంది. పసుపూ ఎరుపూ కలిసిన రంగు, పైన నల్ల గీతలో చుక్కలో. పెళ్లి అక్షింతలు ఎగిరొచ్చి ఆకు మీద పడ్డట్టే. ఆ మొసలి దాని పిల్ల. పిల్లకైనా పెద్దదానికైనా తిండి పేనుబంకే.

ఇక అల్లుడి సంగతి. సంక్రాంతికి అల్లుడు ఎందుకొస్తాడు? అరిసెల కోసం. (మామగారి మీద అభిమానంతో అని మా అల్లుడు అంటాడు, పోనివ్వండి.) డబ్బా ఖాళీ అయితే కనుమ దాకా కూడా ఆగడు. ఈ పురుగూ అంతే, పేనుబంక ఉన్నచోటికే వస్తుంది, అయిపోతే ఇంకో పందిరి చూసుకుంటుంది. పైగా అల్లుడు ఎప్పుడూ లేటే. నాలుగు కొసలు నల్లబడ్డాక గానీ దిగడు. ఆలోపు మనకు టెన్షన్ మొదలై మందు డబ్బా తీస్తాం. అరిసెల మీద విషం చల్లి అల్లుణ్ని పండక్కి పిలిచినట్టు!

అడ్డుపడే బావమరుదులూ ఉన్నారు, చీమలు. పేనుబంక తీగ రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అల్లుడు గుమ్మం తొక్కితే తరుముతాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెట్టండి, చీమలు ఎక్కలేవు. నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి సుమా, లేకపోతే దోమల్ని పెంచినవాళ్లవుతారు.

చిన్నప్పుడు గుంటూరు దగ్గర మా ఊళ్లో, ధనుర్మాసంలో మంచు ఆరకముందే నాయనమ్మ పొయ్యిలో బూడిద జల్లించి పందిరి మీద చల్లేది. తడి ఆకుకైతేనే పట్టుకుంటుందట. పురుగులు ఏరడం నా పని. చక్కగా ఎర్రగా ఉన్నవాటిని అగ్గిపెట్టెలో దాచుకునేవాణ్ని, మొసళ్లను రాయి మీద నలిపేవాణ్ని. దాచుకున్నవాటి పిల్లల్నే చంపుతున్నానని నాకు తెలియదు. పెద్దయ్యాక పొలంలో ఇంకా ఘనకార్యం చేశాను. 1980ల్లో మా పత్తికి మందు మీద మందు కొట్టాం. ఆకు రసం పీల్చే తెల్లదోమను తినే పురుగులు ముందు చచ్చాయి, తెల్లదోమ ఇంకా రెచ్చిపోయింది. వికారంగా కనిపించినదల్లా శత్రువు కాదర్రా, ఈ ముక్క నాకు అప్పుడే ఎవరైనా చెబితే బాగుండేది.

ఈ అల్లుణ్ని ఓడలో తెప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియా నారింజ తోటలను దూదిలాంటి పొలుసు పురుగు ఎండబెడుతుంటే, 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి అక్షింతల పురుగుల్ని పంపాడు. రెండేళ్లలోపే తోటలు తేరుకున్నాయి.

మనకు ఇలాగే మేలు చేసేది ఇంకొకటి, ట్రైకోగ్రామా అని నలుసంత కందిరీగ ఉంది, మిల్లీమీటరు కూడా ఉండదు. కాయలు తొలిచే పచ్చపురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి పచ్చపురుగు రాదు, కందిరీగ వస్తుంది. రైతులు వీటిని అట్టముక్కల మీద తెచ్చి ఆకుల అడుగున పిన్ను కొడతారు. ఇక్కడ అల్లుడి పోలిక పెడితే మా ఇంట్లో గొడవలవుతాయి. అంత పొలంలో, ఆవగింజకన్నా చిన్న గుడ్డును అది వెతికి పట్టుకోవడం తలుచుకుంటే నాకు నోట మాట రాదు.

సరే, ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. రేపు పొద్దున చిక్కుడు ఆకులు తిరగేయండి. పసుపు గుడ్లు గుంపుగా, నిలబెట్టినట్టుంటాయి. మొసళ్లు ఎన్నో లెక్కపెట్టండి. వాటిలో ఒకటి తినడం మానేసి తోక ఆకుకు అతికించుకుని కదలకుండా ఉంటే, చచ్చిందని తీసి పారేయకండి. కొన్నాళ్లకు వీపు చీల్చుకుని బయటికొస్తుంది. అప్పుడు ఒళ్లంతా లేత పసుపు, ఒక్క చుక్క కూడా ఉండదు. పక్కనే కూర్చుని, చుక్కలు తేలడానికి ఎన్ని గంటలు పట్టిందో గడియారం చూసి నాకు రాయండి.

మీ తాతయ్య,
గుంటూరు