వరద నీళ్లలో బాస్ ఎక్కడ దాక్కుంటుంది?

చిన్నోడా, చిట్టితల్లీ,

మీ నాన్న నిన్న ఫోన్లో చిన్నోడి ప్రశ్న చెప్పాడు. వారం నుంచి వానలు, లేక్ పొంగి ఒడ్డున పొదలన్నీ మునిగాయి, పక్కన ఏరు ఎర్రగా ఉరకలేస్తోంది, మరి బాస్ చేపలన్నీ, అదే మీ అమెరికా మంచినీళ్లలో చిన్న చేపల్ని వేటాడి తినేవి, కొట్టుకుపోయి ఉంటాయా అని. దాని వెనకే ఇంకోటి, కొట్టుకుపోకపోతే ఆదివారం గాలాలు పట్టుకుని వెళ్లొచ్చా అని. నీ అసలు ప్రశ్న రెండోదేనని నాకు తెలుసులే. ముందు మొదటిది చూద్దాం.

కొట్టుకుపోవు. నీళ్లు లేచినప్పుడు పెద్దవాళ్లు చేసే పని ఏంటంటే, ఎప్పటిలాగే నడి ఏట్లోకి, దూరంగా, బలమంతా పెట్టి విసురుతారు, సాయంత్రం దాకా ఏమీ పడక వానని తిట్టుకుంటూ ఇంటికొస్తారు. చేపలు మాత్రం వాళ్ల కాళ్ల దగ్గరే ఉంటాయి.

స్కూల్లో ఆఖరి గంట కొట్టాక వరండా ఎలా ఉంటుందో గుర్తుతెచ్చుకోండి. ఒక్కసారిగా అందరూ బయటపడతారు, తోపులాట, మధ్యలో చిక్కినవాణ్ణి గేటు దాకా ఈడ్చుకుపోతారు. కానీ ఆ వరండాలోనే ఒక స్తంభం ఉంటుంది కదా, దాని వెనక్కి జరిగిన పిల్లాడికి ఏమీ కాదు. గుంపంతా అటూ ఇటూ చీలి వెళ్లిపోతుంది, వాడు హాయిగా నిలబడి చూస్తుంటాడు. ఏట్లో ఆ స్తంభం అంటే పెద్ద రాయి, కూలిన చెట్టు, వంతెన కాలు. ఆ పిల్లాడే బాస్. ఇంకా ఉంది. వరండా మధ్యలో వెళ్లేవాళ్లది పరుగు, గోడవారగా వెళ్లేవాళ్లు బ్యాగులు గోడకి రాసుకుంటూ మెల్లగా కదులుతారు. నీళ్లు కూడా ఒడ్డునా అడుగునా నేలకి రాసుకుని వడి తగ్గుతాయి, అందుకే చేపలు అక్కడికి చేరతాయి. తలుపు తీసి ఉన్న క్లాసురూములోకి కొందరు దూరిపోతారు చూడు, అది పిల్లవాగు వచ్చి ఏట్లో కలిసే చోటు, నీళ్లు నిలిచే మడుగు. ఇక స్తంభం వెనక పిల్లాడు అల్లరివాడైతే, పక్కనుంచి వెళ్లేవాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కుని మళ్లీ వెనక్కి నక్కుతాడు. బాస్ సరిగ్గా ఇదే చేస్తుంది. వడిలో కొట్టుకొచ్చే చిన్న చేపనో కప్పనో ఒక్క ఉదుటున అందుకుని మళ్లీ రాయి చాటుకి పోతుంది. ఊరికే ఎదురీదితే దానికి ఒళ్లు హూనం, ఎందుకంటే నీళ్ల వేగం రెండింతలైతే అవి తోసే బలం నాలుగింతలవుతుంది. చిట్టితల్లీ, నవ్వకు, కావాలంటే ఈ వరండా మీద ఇంకో రెండు పేజీలు రాయగలను.

లేక్ సంగతి వేరు, అక్కడ అంత వడి ఉండదు. నీళ్లు లేచి గడ్డినీ పొదల్నీ ముంచేస్తే నేలలోని ఎర్రలు, పురుగులు అన్నీ తేలతాయి, చిన్న చేపలు వాటి కోసం గడ్డిలోకి వస్తాయి, వాటి వెనక బాస్ వస్తుంది. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, నిన్నటిదాకా మీరు సైకిల్ తొక్కిన చోట, రెండు కిలోల చేప తిరుగుతుంటుంది. నీళ్లు పెరుగుతున్నంతసేపూ అది లోపలికి లోపలికి వస్తుంది. తగ్గడం మొదలైందా, ఒడ్డు నమ్మకూడదని దానికి ఎలా తెలుస్తుందో గానీ, మెల్లగా లోతుకి జారుకుంటుంది. అందుకే వెళ్లగానే ఒక పుల్ల నీళ్ల అంచున గుచ్చాలి, గంట తర్వాత చూస్తే నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో తెలిసిపోతుంది. చాలామంది ఈ పుల్ల గుచ్చరు, వేలకి వేలు పోసి కొత్త ఎరలు మాత్రం కొంటారు.

నేను మీ అంత ఉన్నప్పుడు బాస్ అన్న పేరే వినలేదు. మాకు తెలిసింది ఒక కాలవ, వెదురు గాలం, బెండు ముక్క. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు, మాట తక్కువ, వాన వెలిశాక కాలవ గట్టున నిలబడి చాలాసేపు గాలం వేసేవాడే కాదు. నాకేమో కాళ్లు పీకేవి. ఆయన నురగని చూసేవాడు. నురగా గడ్డిపోచలూ దిగువకి సాగిపోతుంటే, తూము గోడ పక్కన ఒక మూల మాత్రం అవే పోచలు గుండ్రంగా, తీరిగ్గా తిరుగుతుండేవి, ఒక ఎండుటాకు బయటికి పోబోయి మళ్లీ లోపలికే వచ్చేది. ఆ ఆకు వెనకే ఆయన బెండు వేసేవాడు. మేమందరం హడావిడిగా పదిచోట్ల వేసి ఎర పోగొట్టుకుంటే ఆయన ఒక్కచోట వేసేవాడు. ఓపిక గురించి మీకు ఉపన్యాసం ఇవ్వను, ఫోన్ పక్కన పెట్టి పది నిమిషాలు నీళ్లని చూడమంటాను, అంతే.

బురదలో దానికి ఎర ఎలా కనిపిస్తుందని అడుగుతారు. పెద్దగా కనిపించదు. ఈసారి నాన్న చేప పట్టినప్పుడు పక్కనుంచి చూడండి, మొప్ప దగ్గర్నుంచి తోకదాకా చుక్కలు చుక్కలుగా సన్నటి గీత ఉంటుంది, లార్జ్‌మౌత్ అనే పెద్ద నోటి రకం బాస్ ఒంటి మీద ఉండే నల్ల పట్టీ కాదు, అది వేరు. దగ్గరగా చూస్తే ఒక్కో పొలుసు మీద ఒక్కో చిన్న బెజ్జం. నీళ్లలో ఏది కదిలినా ఆ అదురు దానికి ఆ గీతలోంచి తెలుస్తుంది. అందుకే మసక నీళ్లలో రేకు గిర్రున తిరిగే స్పిన్నర్‌బెయిట్ గానీ, నలుపో ముదురు నీలమో పెద్ద ఎర గానీ వేసి, మెల్లగా లాగాలి.

వానకీ బాస్‌కీ ఒక మంచి కథ ఉంది. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు పొలం తడిసి పని కుదరక స్నేహితుడితో చేపలకి వెళ్లాడు. వెళ్లింది మాంట్‌గోమరీ లేక్‌కి, అది ఓక్‌మల్గీ నది తోవ మార్చుకున్నప్పుడు విడిపోయిన పాత వంపు. అక్కడ పడింది 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్, అంటే దాదాపు 10 కిలోలు. దాన్ని ఇంట్లో వండుకుని తినేశారు కూడా. 2009లో జపాన్‌లో బీవా సరస్సులో మనాబు కురీటా దానికి సమానమైన చేప పట్టాడు. అన్నిటికన్నా బరువైన లార్జ్‌మౌత్ పట్టిన రికార్డు ఇప్పటికీ ఆ ఇద్దరిదే.

వసంతంలో అయితే ఒక్క మాట వినాలి. నీళ్లు కాస్త వేడెక్కగానే మగ బాస్ లోతు తక్కువ చోట తోకతో నేల ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది, గుడ్లకి తనే కాపలా, పిల్లలయ్యాక కూడా కొన్నాళ్లు. అప్పుడు గూటి మీద ఉన్నదాన్ని పట్టుకుంటే ఆ కాసేపట్లోనే మిగతా చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. గూడు కనిపిస్తే చూసి, పక్కకి వెళ్లండి.

రాయి చాటున చేప నిలబడటం గురించి నేను చెప్పింది సగమే. వరండాలో స్తంభం వెనక ఎవరూ వెనక్కి నడవరు, నీళ్లు నడుస్తాయి. రాయి దాటాక అవి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడి తిరుగుతాయి. అమెరికాలో శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపలతో చూశారు, ఆ సుడుల మధ్య అవి కండరాలు పెద్దగా వాడకుండానే ఉండగలవట. 2006లో ఇంకో ప్రయోగం అచ్చయింది, అందులో చచ్చిన ట్రౌట్‌ని అలాంటి సుడుల్లో పెడితే, ప్రాణం లేని ఆ చేప ఊగుతూ ఊగుతూ ప్రవాహానికి ఎదురు కదిలింది! ఎలా అంటే నేను లెక్కలు వేసి చెప్పలేను, చదివిన రోజు మీ నానమ్మకి కూడా చెప్పి విసిగించాను.

ఇక రెండో ప్రశ్న. ఆదివారం లేక్‌కి వెళ్లండి, నాన్న ఉంటేనే, లైఫ్‌జాకెట్ వేసుకునే. ఏటి దగ్గరికి వద్దు, తగ్గేదాకా. మీ అమెరికా వాతావరణ శాఖ వాళ్లే చెప్తారు, వడిగా పారే నీళ్లు అరడుగు ఉంటే చాలు పెద్దమనిషిని పడగొట్టడానికి, అడుగు ఉంటే చిన్న కారు కొట్టుకుపోతుంది. నీళ్లు పొర్లి పారే రోడ్డు మీదికి నాన్న కారు పోనివ్వబోతే మీరిద్దరూ గోల చేయండి, నా పేరు చెప్పండి.

ఏరు తగ్గేలోపు ఇంటి ముందే ఒక పని ఉంది. వాన కాస్త తెరిపిచ్చాక డ్రైవ్‌వేలో నీళ్లు సన్నగా పారుతుంటాయి కదా, అందులో ఒక ఇటుక నిలువుగా పెట్టి, పైనుంచి చిన్న ఆకు ముక్కలు ఒక్కొక్కటే వదలండి. ఏ ముక్క సాగిపోయిందో, ఏది ఇటుక వెనక ఆగి తిరిగిందో, కుడికా ఎడమకా, చిట్టితల్లి బొమ్మ గీసి పంపాలి. చిన్నోడు ఇటుకని అడ్డంగా తిప్పి ఇంకోసారి చూసి రాయాలి.

మీ తాతయ్య