నల్లా వచ్చే రోజు, రాని రోజు: రోజూ రాయడం గురించి అపోహలు - వాస్తవాలు

నల్గొండలో మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు పొద్దున అయిదున్నరకు మొదలై ఆరుంబావుకు ఆగిపోతుంది. ఆ ముప్పావుగంటలోనే సంపు నిండాలి, తాగే నీళ్లు బిందెలకు పట్టాలి, పక్కింటివాళ్లు మోటర్ వేసేలోపు మన పని అయిపోవాలి. నా కథలన్నీ నల్లా రాని రోజుల్లో రాసినవే అంటే కొత్తవాళ్లు నవ్వుతారు. చాలావరకు నిజమే మరి.

పద్నాలుగేళ్లుగా రాస్తున్నాను. దేవరకొండ దారిలో ఒక ఊరి బడిలో తెలుగు చెబుతాను. రెండు కథల పుస్తకాలు వచ్చాయి. నెలకో ఆదివారం పదిమందిమి ఒకచోట కూర్చొని రాసుకున్నవి చదువుకుంటాం. అక్కడికి మొదటిసారి వచ్చినవాళ్లు కథ ఎలా రాయాలని అడగరు. "మేడం, మీకు టైం ఎట్ల దొరుకుతది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనకే ఈ అపోహలన్నీ వరసగా వస్తాయి.

అపోహ: తీరిక దొరికితే రాస్తాను.

వాస్తవం: నాకు తీరిక దొరికింది. ఏమీ రాయలేదు. ఒక ఏడాది ఎండాకాలం సెలవుల్లో నవల మొదలుపెడదామని 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు కొన్నాను. మాకు సెలవులంటే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. పదింటికి కూర్చుందాం అనుకుంటే పదకొండయ్యేది. తిన్నాక చూద్దాం, కరెంటు వచ్చాక చూద్దాం, ఎండ తగ్గాక చూద్దాం. ఎండ తగ్గేసరికి ఎవరో ఒకరు బత్తాయిల సంచి పట్టుకొని వచ్చేవారు. బడి తెరిచేనాటికి నోట్‌బుక్కులో ఆరు పేజీలున్నాయి. అందులో రెండు పాత్రల పేర్ల లిస్టు. అదే ఏడాది జూలైలో, రోజూ 7.50 బస్సు పట్టుకుంటూ, పన్నెండు పేజీల కథ పూర్తి చేశాను.

అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, సెలవు రోజుకు లేచే టైం లేదు. అంటే నిద్ర లేచే టైం కాదు, రాత ముందు నుంచి లేచే టైం. బస్సు ఉన్న రోజు 5.10కి కూర్చోకపోతే ఆ రోజు ఇక లేదని మనకే తెలుసు. 5.50కి లేవాలని కూడా తెలుసు. మధ్యలో ఉన్నవి ఆ నలభై నిమిషాలే. నా చేతిరాతలో అది ఒకటిన్నర పేజీ.

అపోహ: పెద్ద రచయితలకు వేరే పనులు ఉండవు.

ఈ మాట పాలమూరు, నల్గొండ జిల్లాల్లో పుట్టినవాళ్లు అనకూడదు. సురవరం ప్రతాపరెడ్డి గారు గద్వాల ప్రాంతం వారు, చదివింది లా. 1926లో ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. మొదట్లో అది వారానికి రెండుసార్లు వచ్చేది. వారానికి రెండుసార్లు అంటే రాతకు వారానికి రెండు గడువులు. మూడ్ లేదని చెబితే ప్రెస్సు వినదు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అది కూడా ఒక అపోహకు చెప్పిన వాస్తవమే. పత్రిక నడుపుతూ, వకీలు చదువు చదివి, 1952లో ఎమ్మెల్యేగా కూడా గెలిచిన మనిషి. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకానికి 1955లో, తెలుగులో తొలి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చేనాటికి ఆయన లేరు. ఆయనకు తీరిక ఎప్పుడు దొరికిందో లెక్క తీస్తే మనం రాయకపోవడానికి ఒక్క సాకు కూడా మిగలదు. అందుకే నేను ఆ లెక్క తీయను.

అపోహ: తెల్లవారుజామునే రాయాలి, బ్రాహ్మీ ముహూర్తంలో సరస్వతి పలుకుతుంది.

సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండేది బ్రాహ్మీ ముహూర్తం. నేను రాసేది దాదాపు ఆ వేళలోనే. కారణం సరస్వతి కాదు, ఆ టైంలో ఎవరూ ఫోన్ చేయరు, అంతే.

పొద్దున్నే లేచి రాసినవాళ్ల గురించి చెప్పేటప్పుడు అందరూ ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పేరు తెస్తారు. పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే పొద్దున అయిదున్నరకు కూర్చొని, వాచీ ముందు పెట్టుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. మొత్తం 47 నవలలు. చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆయన్ని లేపడానికి ఒక పనివాడు ఉండేవాడు, అందుకు ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. కాఫీ కూడా అతనే తెచ్చేవాడు. మా ఇంట్లో ఆ పనివాడు నేనే.

మా ఆదివారం గుంపులో ఒక తమ్ముడు మిర్యాలగూడ రైస్‌మిల్లులో కాంటా దగ్గర నైట్ డ్యూటీ చేస్తాడు. లారీకీ లారీకీ మధ్య దొరికిన టైంలో, పాత తూకం స్లిప్పుల వెనక రాస్తాడు. కోతల సీజన్‌లో లారీలు బారులు తీరి ఉంటాయి కాబట్టి ఆ రెండు నెలలు అసలు రాయడు. "అక్కా, నాది ఏడాదికి రెండు పంటల సేద్యం, మధ్యల రాత" అంటాడు. తెల్లవారుజామున అతను నిద్రపోతాడు. అతని కవితలు నా కథల కంటే బాగుంటాయి.

అపోహ: మూడ్ రావాలి. బలవంతంగా రాస్తే చప్పగా ఉంటుంది.

1983లో రాబర్ట్ బాయిస్ అనే అమెరికన్ సైకాలజిస్టు కాలేజీ అధ్యాపకుల మీద ఒక ప్రయోగం చేశాడు. కొందరిని అత్యవసరమైతే తప్ప రాయొద్దన్నాడు. కొందరిని మనసైనప్పుడు రాయమన్నాడు. మిగతావాళ్లకు రోజూ రాయక తప్పని షరతు పెట్టాడు. రాయని రోజున వాళ్లకు గిట్టని సంస్థకు వాళ్ల డబ్బే పోతుంది. ఈ మూడో గుంపు అందరికంటే ఎక్కువ పేజీలు రాసింది, అందులో ఆశ్చర్యం లేదు. కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అదీ విశేషం. అయితే అది చిన్న ప్రయోగం, వాళ్లు రాసింది అకడమిక్ వ్యాసాలు, కథలు కావు. నేను దాన్ని వేదవాక్కు అనను. నా నోట్‌బుక్కు కూడా అదే చెబుతుంది కాబట్టి నమ్ముతాను. మూడ్ ఉన్న రోజు రాసిన పేజీ ఏదో, లేని రోజు రాసిన పేజీ ఏదో, నెల తర్వాత చదివితే నేనే పోల్చలేను.

అపోహ: ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోరు.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగేది ఇదొక్కటే.

మొదటి రెండేళ్లు నేను దొంగచాటుగా రాశాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చొని, మధ్యలో కథ. తలుపు దగ్గర చప్పుడైతే పైన జవాబు పత్రం కప్పేదాన్ని. అట్లా రాసే మనిషికి సగం ధ్యాస చెవుల్లోనే ఉంటుంది. పైగా ఇంట్లోవాళ్లకు తెలియని పనిని వాళ్లు గౌరవించాలంటే ఎట్లా? మధ్యలో పిలిచారని నేను చిటపటలాడేదాన్ని. ఎందుకు చిటపటలాడుతున్నానో వాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మా అత్తమ్మకు చెప్పేశాను. "అత్తమ్మా, పొద్దుగాల అయిదూ పది నుంచి పది తక్కువ ఆరు దాకా నన్ను పిలవకుండ్రి. ఆ తర్వాత ఏ పని చెప్పినా చేస్త."

"గంట సేపు ఏం రాస్తవ్ బిడ్డా, ఉత్తరాలా?"

"కథలు."

కాసేపు ఆలోచించింది. "పది తక్కువ ఆరుకు లేస్తవ్ గద?"

ఆమె అడిగింది అదొక్కటే. ఎప్పుడు కూర్చుంటావని కాదు, ఎప్పుడు లేస్తావని. నల్లా సంగతి కూడా ఆమే తేల్చింది. నల్లా వచ్చే రోజు నీళ్ల పని నాది, రాని రోజు రాసుకోవాలి. రాని రోజు పాల ప్యాకెట్లు ఆమె తెస్తుంది. బదులుగా రాత్రి జొన్న రొట్టెలు నావి. నాకు రొట్టె గుండ్రంగా రాదని ఆమెకు తెలుసు, అయినా ఒప్పుకుంది. మా ఆయన వాటా పిల్లల టిఫిన్ డబ్బాలు.

రెండు వారాలు ఆమె గడియారం చూసింది. నేను నిజంగానే 5.50కి లేచాను. కథ మంచి ఊపులో ఉన్నా లేచాను. ఆ తర్వాత గడియారం చూడటం మానేసింది, కాపలా మొదలుపెట్టింది. ఒకసారి పక్కింటామె పెరుగు తోడుకు వస్తే గేటు దగ్గరే ఆపి, "కోడలు రాసుకుంటుంది, ఆరింటికి రా" అని పంపింది. ఆ వారమే గల్లీ అంతా నేను గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నానని పుకారు. నేను ఖండించలేదు. గ్రూప్స్‌కు చదివే మనిషిని మన దగ్గర ఎవరూ పిలవరు. టీవీ సౌండు కూడా తగ్గిస్తారు. కథ రాస్తున్నానంటే మాత్రం "ఇగో, ఒక్క నిమిషం" అంటారు. నోటిఫికేషన్లు వచ్చి పోయాయి, మేడం ఇంకా చదువుతూనే ఉందని గల్లీకి నా మీద జాలి కూడా ఉంది.

చెప్పినా వినని ఇళ్లు ఉంటాయి, కాదనను. కాకపోతే నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది అసలు చెప్పి చూడలేదు. చెప్పినవాళ్లు కూడా "నన్ను రాసుకోనివ్వండి" అన్నారు గానీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. హద్దు లేని అడుగుడుకు ఎవరైనా భయపడతారు.

అపోహ: ఊపులో ఉన్నప్పుడు ఆపకూడదు.

ఆపితేనే మర్నాటికి పని ఉంటుంది. 5.50కి నేను వాక్యం మధ్యలోనే లేస్తాను. తర్వాత రావాల్సిన సంగతి పక్కన పెన్సిల్‌తో రెండు ముక్కల్లో రాసి పెడతాను. నల్లా వచ్చే రోజున బిందె నిండేలోపు సంపు పక్కన స్టూలు మీద కూర్చొని నిన్నటి పేజీ చదువుతాను, అంతే. కొత్తది ఒక్క వాక్యం కూడా రాయను. పేజీల మీద నీటి చుక్కలు పడతాయి, జెల్ పెన్ను సిరా అలుక్కుపోతుంది కాబట్టి బాల్ పెన్నే వాడతాను.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

ఈ 21 రోజుల లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాటల నుంచి పాకింది. మారిన ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. జనం "కనీసం" అన్న మాటను వదిలేశారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో చెప్పిన లెక్క వేరు. ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. అవి కూడా ఒక పండు తినడం, గ్లాసు నీళ్లు తాగడం, కాసేపు నడవడం వంటి పనులే. కథ రాయడం నీళ్లు తాగడమంత తేలికైన పని కాదు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా 5.10కి అలారం మోగితే నాకు మొదట వచ్చేది విసుగే.

అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది, ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని. క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకొని, ఒక్క గడి ఖాళీ కాగానే టెన్షన్ పడి మొత్తం వదిలేసేవాళ్లకు ఇది చదివి వినిపిస్తాను. రోజు విడిచి రోజు కూడా క్రమమే.

అపోహ: ఫోన్‌లో రాసేది రాత కాదు.

రాతే. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ బస్సులో పోయే ఒక అమ్మాయి మొత్తం కథను వాయిస్ టైపింగ్‌తో చెప్పింది. మన యాసను ఆ ఫోన్ తనకు తోచినట్టు దిద్దుతుంది, దాన్ని మళ్లీ దిద్దడానికి రెండింతల టైం. అదొక్కటే ఇబ్బంది.

అపోహ: చాలాకాలం ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద సంకల్పం కావాలి.

2024లో నాకు 41 రోజులు ఆగిపోయింది. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్, తర్వాత ఎలక్షన్ ట్రైనింగులు, మే 13న పోలింగ్ డ్యూటీ. అది ముగిసి ఇంటికి వచ్చాక అత్తమ్మ మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోయింది. జూన్‌లో ఒకరోజు నోట్‌బుక్కు తెరిస్తే, "యాదమ్మ సంచి దించి తలుపు" అని సగం వాక్యం ఉంది. పక్కన పెన్సిల్‌తో "తాళం - చిన్నోడు" అని రాసి ఉంది. ఏ తాళం, ఏ చిన్నోడు, ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. సగం వాక్యం ఉపాయం ఒకటి రెండు రోజులకే పనిచేస్తుంది, 41 రోజులకు కాదు.

దాన్ని అట్లాగే వదిలేసి, కింద తారీఖు వేసి రాశాను: "నిన్న నల్లా నీళ్లు ఎర్రగా వచ్చినయి. అత్తమ్మ మంచంల నుంచే కేకేసింది, బిందెకు బట్ట కట్టుమని." ఇంకో రెండు వాక్యాలు రాసేసరికి 5.50 అయింది, లేచాను. మర్నాడు కాక ఆ పైరోజు, ఆ నాలుగు వాక్యాల కింద నుంచి మొదలుపెట్టాను. యాదమ్మ ఇంకా ఆ తలుపు దగ్గరే ఉంది.